తీశావా?

మా ఆయన రేకుల ప్రెస్సులో పనిచేసేవాడు. పెడలు తొక్కేవాడు "తీశావా?" అని అరిస్తే, రేకు పెట్టేవాడు చెయ్యి తీసి "తీశా" అనాలి. ఆరోజు మా ఆయన అలవాటుకొద్దీ చెయ్యి తీయకముందే "తీశా" అన్నాడు. మణికట్టు దాకా పోయింది.

ఆ లేని వేళ్లే ఇప్పటికీ నొప్పంటాడు. వైద్యం ఖర్చు ఇమ్మని కోర్టు చెబితే, కంపెనీ అప్పీలుకెళ్లి, తీర్పొచ్చేదాకా దాన్ని ఆపించింది.

"స్టే వచ్చిందమ్మా, మేమేం చేస్తాం?" అన్నాడు కంపెనీ గుమాస్తా.

"అయితే ఆ నొప్పికీ ఓ స్టే ఇప్పించండి!" అని మొహమ్మీదే అనేసి వచ్చాను.

మాత్రలు అయిపోయి నాలుగు రోజులైంది. మధ్యాహ్నం గాలికి తలుపు కొట్టుకుంటోంది. ఆయన మొండిచెయ్యి ద్వారబంధానికి ఆనించి నిలబడ్డాడు. తలుపు మూయబోతూ, "చెయ్యి తీశావా?" అనేశాను.

ఆయన ఖాళీగా ఉన్న తలుపు సందులోకి చూసి, పళ్లు బిగించి, "ఇంకా లేదే" అన్నాడు.

ఆ తలుపు మూయడానికి నాకు చేతులు రాలేదు.