పావడ బొందు

సంగటి కుండను పాదాలతో అదిమిపట్టి కెలుకుతుంటే పిడికెడు ముద్ద ఎగిరి గురువమ్మ కుడి తొడ మీద పడింది. ఆమెకు తెలియనే లేదు. చీర మీద పొగలు చూసి అత్త మునివెంకటమ్మే కేక పెట్టింది. "అయ్యో, తొడ కాల్తా ఉండాది, తెలీలేదా నీకు?"

తెలియదు. తొడ పక్కన అరచేయంత మేర మొద్దుబారి రెండేళ్ళయింది. ఒక్కోసారి అక్కడే పచ్చిమిరపకాయ రుద్దినట్టు మంట. మొగుడు పిల్లప్పతో చెబితే, "తొడంట, తొడ! యాడ చూపిస్తావు దాన్ని? సిగ్గుండాదా?" అని నవ్వాడు. ఆయనగారు మాత్రం కామసముద్రం పాలడెయిరీ ముందర మాటామాటా పెరిగితే చాలు, పంచె పైకి లాగి తొడగొడతాడు. ఆ తొడకు లేని సిగ్గు ఈ తొడకెక్కడిదో! రెండు పూటలా మూడు ఆవుల కింద గొంతుక్కూర్చునేది మరి ఈ తొడే.

కాలిన బొబ్బతోనే ఆండర్సన్‌పేట బస్సెక్కింది. అక్కడి ఆసుపత్రిలో డాక్టరు ప్రేమ దూదితో తొడంతా తాకి చూసింది. కూర్చుని లెమ్మంది. గురువమ్మ చేయి ఆనించకుండా ఇరవైసార్లు లేచింది.

"తొడ ముందర కండరాలు రాయి మాదిరి ఉండాయమ్మా, వాటికేం కాలేదు. చర్మానికి స్పర్శ తెలిపే నరం ఒకటి, తుంటి ఎముక పక్క నుంచి తొడకు దిగుతాది. అది నలిగింది." అంటూ పావడ బొందు సడలించింది. నడుం చుట్టూ నల్లటి గాడి. "ఇంత బిగువుగా ఎవురు కట్టమన్నారు?"

పెళ్ళయిన మర్నాడు అత్త అన్న మాట. "ఇంగొక ముడి లాగు. వంగినప్పుడు జారితే ఇంటి మర్యాద పోతాది." ఇరవయ్యారేళ్ళుగా ఆ ముడిని రోజూ తన చేతులతోనే బిగించుకుంది. అది తలచుకుని గురువమ్మ డాక్టరమ్మ ముందే ఏడ్చేసింది.

"ఆర్నెల్లు వదులు గుడ్డలే కట్టు. గొంతుక్కూర్చోవద్దు. లేకుంటే ఆ మంట నిన్నొదలదు."

సాయంత్రం వదులు నైటీలో వచ్చి, అరుగు మీది మొగుడి ముందు పాల బకెట్టు పెట్టింది. లోపల నుంచి అత్త ఏదో గొణిగింది.

"పాలు పిండే పొద్దయింది. పోయి పిండు," అంది గురువమ్మ మొగుడితో.

"ఆవు నన్ను దగ్గరికి రానియ్యదే!"

"రోజూ కూచుంటే అలవాటయితాది. నాకు కాలేదా?" గురువమ్మ గడప పక్కన కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. "ఊరందరి ముందరా కొట్టే తొడే గదా, ఇంగ దాన్ని మడిచి కూచో."