పార్కు కోసం కొన్న చెప్పులు

తప్పంతా బావమరిదిది. వాడికి తల్లిదండ్రులు పెట్టిన పేరున్నా అందరూ ‘ఇదిగో’ అనే పిలుస్తారు. ఎప్పుడు ఫోన్ చేసినా "ఇదిగో, దారిలో ఉన్నా బావా" అంటాడు, మంచం దిగడు.

ఉదయం ఆరింటికి బావ తన సామాన్ల గది షట్టరు సగమే ఎత్తి, గొడుగు తీసుకుందామని లోపలికి దూరాడు. నగరం చూడవచ్చినవాళ్లు ఈ శివారు స్టేషనులో దిగి, బరువులు అతని దగ్గర పడేసి, లోకల్ రైలెక్కి పోతారు. ఇరవై రెండేళ్లుగా వాళ్లకు దారి చెబుతున్నాడు గాని, తను నగరంలోని పెద్ద పార్కు గేటు దాటిన పాపాన పోలేదు.

తల్లి పోయాక అతన్ని పెంచిన అక్క వచ్చి ఎనిమిది రోజులైంది. ఆ పార్కులో అద్దాల మేడ చూపించమని ఒక్కటే అడిగింది. రోజూ రేపన్నాడు. ఇవాళ నాలుగింటికి ఆవిడ రైలు. అందుకే ఇవాళ గది తెరవకుండా ఆవిడతో పార్కుకి పోదామనుకున్నాడు.

షట్టరు కిందనుంచి ఒక సూట్‌కేసు లోపలికి జరిగింది. పన్నెండుకల్లా వస్తానంది బయటి గొంతు. అతని చెయ్యి దానంతటదే సుద్దముక్క అందుకుని నంబరు వేసింది, ఇత్తడి బిళ్ల ఇచ్చేసింది. చేసిందేమిటో ఆ తర్వాత తెలిసింది. అరమీద ఒక్క సామాను ఉన్నా గదికి తాళం పడదని గోడమీద రంగుతో రాయించింది అతనే.

ఫోన్ చేస్తే బావమరిది పదింటికి వచ్చి గదిలో కూర్చుంటానన్నాడు. పదకొండైంది. అక్క వచ్చి, పాత చెప్పులు సంచిలో పెట్టి, పార్కు కోసం కొన్న కొత్తవి తొడుక్కుని స్టూలుమీద కూర్చునే ఉంది. ఎవరో దారి అడిగారు.

"రెండో గేటులో వెళ్లండి. ఎడమకి తిరిగితే అద్దాల మేడ. ఎండపడితే నేలంతా ఆకుపచ్చగా ఉంటుంది," అన్నాడు.

"చూడకుండానే ఇంత చెబుతున్నావు. చూస్తే ఇంక నోరు మూయవేమోరా," అంది అక్క.

ఒంటిగంటైనా సూట్‌కేసు మనిషి రాలేదు. దారి అడిగేవాళ్లెవరితోనైనా పంపిస్తానన్నాడు అక్కతో.

"నీతో చూద్దామని వచ్చాను గాని, పార్కుల్లేక రాలేదురా."

అతను మళ్లీ ఫోన్ చేశాడు. ఇదిగో అన్నాడు వాడు. అతను సూట్‌కేసును కాలితో ఒక్క తన్ను తన్ని, మళ్లీ తనే సరిగ్గా నిలబెట్టాడు.

మూడున్నరకి అక్క సంచిలోంచి పాత చెప్పులు తీసి మార్చుకుంది. కొత్తవి కరుస్తున్నాయని, మరదలికి ఇమ్మని చెప్పింది. స్టేషను రోడ్డుకి అటువైపే అయినా అతను గుమ్మందాకానే వెళ్లగలిగాడు. అక్క మోకాళ్లు పట్టుకుని స్టేషను మెట్లు ఒక్కోటీ ఎక్కి, పైనుంచి గట్టిగా అంది:

"మళ్లీ రాలేను గాని, నువ్వు వేళకి తింటూ ఉండు."

సూట్‌కేసు మనిషి ఆరింటికి వచ్చాడు. పార్కులో గడ్డిమీద నిద్ర పట్టేసిందట, నవ్వుతూ చెప్పాడు. అతను బిళ్ల తీసుకుని సూట్‌కేసు అప్పగించాడు.

గదిలో ఇంకేమీ లేదు. తాళం వెయ్యవచ్చు. స్టూలు కింద చెప్పులు కనపడ్డాయి. తీసి అరమీద పెట్టాడు. అడుగున ధర చీటీ అంటించింది అంటించినట్టే ఉంది, ఒక్క మూలైనా చిరగలేదు.