ఒకే క్షణంలో రెండు చేతులు

ఆ ఇంట్లో పోట్లాట పొద్దున్నే పొయ్యి దగ్గర మొదలయ్యేది. పెద్దకోడలు పాలు పెట్టబోయేసరికి చిన్నకోడలు నీళ్ళు పెట్టేసి ఉండేది. అత్తగారు వంటింట్లో నిలబడి ఇద్దరినీ తిడుతూ, అదే సమయంలో డాబా మీద బట్టలు ఆరేస్తూ ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆవిడ రెండు చోట్ల ఉండటం మొదలుపెట్టింది. చాకిరీ ఇంతుంది, మనిషి ఒక్కతే, ఏం చేస్తుంది మరి? కూరల బండి దగ్గర ఆవిడకి నమస్కారం పెట్టినవాళ్ళు గుమ్మంలో ఉన్న ఆవిడకి మళ్ళీ పెట్టేవాళ్ళు కాదు, ఒక్కటి చాలని.

కోడళ్ళిద్దరిదీ ఒకే ఆఫీసు. అయినా ఒకే బస్సు ఎక్కేవాళ్ళు కాదు.

వాళ్ళ కంపెనీ ఒక లైబ్రరీ తయారుచేసేది. పుస్తకాలది కాదు, వేరే కంపెనీలు తమ ప్రోగ్రాముల్లో పెట్టుకునే కోడ్‌ది. పెద్దామె రాసేది, చిన్నామె పరీక్షించేది. పెద్దామె కొత్తగా ఒక క్యూ రాసింది. ముందొచ్చింది ముందు పోవాలి. ఎన్ని చేతులు ఒకేసారి అందుకోబోయినా, ఒక్కొక్కటి ఒక్క చేతికే పోవాలి. అంబులెన్సులు పంపే సంస్థ ఒకటి వచ్చే సోమవారం నుంచి తనకొచ్చే ఫోన్ కాల్స్ పంచడానికి దాన్ని వాడబోతోంది.

"ఇందులో తప్పుంది," అంది చిన్నామె గురువారం నాడు, మేనేజరు ముందు నిలబడి. ఆయన్ని వెనకాల అందరూ 'గడువు' అనేవాళ్ళు. "రెండు చేతులు సరిగ్గా ఒకే క్షణంలో పడితే ఇద్దరికీ ఒకటే కాల్ వెళ్తోంది. దాని వెనకది మాయమైపోతోంది."

"ఎన్నిసార్లు చూశావు?"

"పదిరోజుల్లో మూడుసార్లు. పట్టుకుందామని మధ్యలో ఏం జరుగుతోందో రాసిచూపే ప్రింటు లైన్లు పెడితే రావట్లేదు సార్. ఆ లైన్ల వల్ల కాస్త ఆలస్యమై చేతులు కలవడం లేదు."

పెద్దామె నవ్వింది. "చూస్తే ఉండదట, చూడకపోతే ఉంటుందట. ఇంట్లో కక్షంతా మూటగట్టుకొచ్చి నా కోడ్ మీద కక్కుతోంది సార్ ఇది."

"చూపిస్తే తప్పు, చూపించకపోతే పుకారు," అన్నాడు గడువు. "రేపు మధ్యాహ్నం లోపల చూపించు. లేదంటే ఇంకోచోట ఉద్యోగం వెతుక్కో."

"అంతదాకా ఎందుకు, లేదని నేనే చూపిస్తా," అంది పెద్దామె. "మా అత్తగారిని తీసుకొస్తా. ఇద్దరు మనుషులు ఎంత ప్రయత్నించినా ఒకే క్షణంలో మీట నొక్కలేరు. ఆవిడ రెండు చోట్లున్నా ఒక్క మనిషే కదా."

గడువు రెండు కుర్చీలు వేయించమన్నాడు.

సంగతి వినగానే అత్తగారు ఎగిరి గంతేసినంత పనిచేసింది. "దాని ఉద్యోగం ఊడితే ఇంట్లో పనికి ఒక మనిషి దొరుకుతుంది," అంది, చిన్నకోడలు వింటుండగానే.

శుక్రవారం ఆవిడని ఆఫీసు హాలుకి ఆ చివర ఒకరిని, ఈ చివర ఒకరిని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. ఇద్దరూ గోడవైపే తిరిగి కూర్చున్నారు. చిన్నామె రెండు ఉత్తుత్తి కాల్స్ క్యూలో వేసింది: మేడ ఇల్లు, చెయ్యి విరిగింది. పెంకుటిల్లు, ఊపిరాడటం లేదు.

"నొక్కండి అత్తయ్యా," అంది పెద్దామె.

రెండు వేళ్ళు పడ్డాయి. చప్పుడు ఒక్కటే వినిపించింది.

ఆ తెర మీద 'మేడ ఇల్లు'. ఈ తెర మీదా 'మేడ ఇల్లు'. క్యూ ఖాళీ.

అత్తగారు అడిగింది, "మరి పెంకుటింటికి ఎవరు వెళ్ళారు?"

"ఎవరూ వెళ్ళలేదత్తయ్యా," అంది చిన్నామె. "ఆ కాల్ పోయింది."

"మీరు సరిగ్గా నొక్కలేదు," పెద్దామె గొంతు పెరిగింది. "మళ్ళీ నొక్కండి!"

అత్తగారు చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. పదకొండేళ్ళ కిందట భర్తకి ఊపిరాడనప్పుడు ఆవిడ ఇంట్లో ఆయన తల పట్టుకుని కూర్చుంది, వీధి మొదట్లో అంబులెన్సు కోసం నిలబడింది. రెండు బళ్ళు వచ్చాయి. రెండూ ఆవిడని దాటుకుని పోయి ఎదురుసందులో ఒకే గుమ్మం ముందు ఆగాయి. కేసు నాదంటే నాదని డ్రైవర్లు కీచులాడుకున్నారు. ఆవిడ పరుగెత్తుకెళ్ళి వాళ్ళని బతిమాలి తీసుకొచ్చేసరికి ఆయన పోయారు. బండికి అడ్డం పడైనా ఎందుకు ఆపలేదని, ఇంట్లో కూర్చున్న ఆవిడ వీధిలో నిలబడ్డ ఆవిడని క్షమించలేదు. అప్పటినుంచి ఇవాళ్టిదాకా ఇద్దరూ ఒక గదిలో ఉన్నది లేదు.

"నొక్కమంటుంటే!" అంది పెద్దామె.

"నోర్ముయ్," అంది అత్తగారు, రెండు చివర్ల నుంచీ. తర్వాత గడువు వైపు తిరిగింది. "సోమవారం ఇది ఎవరికైనా ఇచ్చావో, నీ గుమ్మం ముందు ఒకదాన్ని, నీ ఆఫీసు ముందు ఒకదాన్ని కూర్చుంటా."

గడువు తన కెరీర్లో మొదటిసారి గడువు వాయిదా వేశాడు. చిన్నామె ఉద్యోగం నిలబడింది. అందుకు ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. పెద్దామె అన్నం వేరే గదిలో తినడం మొదలుపెట్టింది. అత్తగారు చిన్నామెని "నీ నోరు తగలబడ, నిజమే చెప్పావు" అని తిట్టింది.

పెద్దామెకి తప్పు దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఒక చెయ్యి లోపలుండగా రెండోది బయట ఆగేలా క్యూకి తాళం పెట్టింది. అత్తగారు మళ్ళీ వచ్చి కూర్చుంది. వేళ్ళు ఒక్క చప్పుడుతో పడ్డాయి.

ఆ చివర తెర మీద 'మేడ ఇల్లు' అని పడింది. ఈ చివరది రెప్పపాటు ఖాళీగా ఉండి, 'పెంకుటిల్లు' చూపించింది.

పెద్దామె తోడికోడలి వైపు చూడకుండా సంచీ సర్దుకుంది. ఈ చివర అత్తగారు లేచి, హాలంతా దాటి, ఆ చివర కూర్చున్న తన దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఈసారి బండి వచ్చిందే," అంది.

కూర్చున్నావిడ తల తిప్పకుండానే కాస్త పక్కకి జరిగి, కుర్చీలో చోటిచ్చింది.