సగం చుట్టిన కాయిల్

కిరోసిన్‌లో బేరింగులు కడిగి గోనెసంచి మీద ఆరబెడుతున్నాడు తుల్సీరాం. ఊళ్లలోకి కరెంటు మోటార్లు దిగుతున్న ఎనభైల నాటి మాట. తల్లాడ సెంటర్లో, కాలిన మోటార్లకు మళ్లీ రాగితీగ చుట్టే బసవపున్నయ్య షాపులో ఏడాదిగా అతనికి అదే పని. ముప్పై దాటాయి. గోళ్ల కింద గ్రీజు, నుదుటి మీద ముందే వచ్చిన ముడతలు. అడవి అంచున ఉన్న వాళ్ల తండాలో మొదటి బి.ఏ. అతనే. ఆ సంగతి షాపులో చెప్పలేదు.

చెబితే ఏమవుతుందో తెలుసు. అశ్వారావుపేట దాకా ఏ షాపు గడప ఎక్కినా "మీకెందుకు సార్ ఈ మురికి? రేపోమాపో సర్కారు కొలువు ఆర్డరొస్తది" అంటూ కుర్చీ వేసి, టీ తాగించి సాగనంపారు. అన్ని టీలకు ఆకలి చచ్చిపోవాలి మరి, చావలేదు. ఐటీఐలో వయసు దాటిందన్నారు. తండాలో మట్టిపనికీ పిలవరు. చదువుకున్నవాడితో తట్ట మోయిస్తే పాపమట!

అందుకే ఇక్కడ వేలిముద్రగాడిగా చేరాడు. ఆ వేషం ఎంత నిష్ఠగా కట్టాడంటే, బస్సు బోర్డు కూడా పక్కవాళ్లనే అడిగేవాడు. ఒకసారి ఎవడో ఆకతాయి మధిర బస్సును చూపించి కొత్తగూడెం బస్సంటే, గుమ్మడికాయంత అక్షరాలు కళ్లెదుట కనబడుతున్నా ఎక్కి కూర్చున్నాడు. తెల్లారేదాకా నడిచి వెనక్కొచ్చాడు. దారిలో కుక్కలు కూడా జాలిపడి మొరగలేదంటారు.

"ఏరా తుల్సీ, ఎన్నాళ్లు కడుగుతావురా ఇనుము? ఇవాళ కాయిల్ నువ్వు చుట్టు" అన్నాడు బసవపున్నయ్య.

"నిజంగనా మేస్త్రీ?"

"ఇది వచ్చిందంటే నీకు బతుకొచ్చినట్టేరా."

తీగ చుట్టే చెక్క అచ్చు ముందు కూర్చున్నాడు తుల్సీరాం. తీగ వేళ్ల మధ్య వెచ్చగా జారుతోంది. పని వస్తే తండాలోనే షాపు పెడదామని భార్య కమ్లికి ఎప్పుడో మాటిచ్చాడు.

సగం చుట్టేసరికి పాత పేపరు ముక్కలో పునుగులు వచ్చాయి. తింటూ తింటూ ఫక్కున నవ్వాడు. ముక్క మీద ఏదో జోకు, చివర చినిగిపోయింది. మిగతాది ఎక్కడుందోనని కాగితం అటూ ఇటూ తిప్పి తలెత్తాడు. బసవపున్నయ్య చూస్తున్నాడు.

"ఎందాకా చదివావురా?"

అబద్ధం నాలుక దాకా వచ్చి ఆగింది. "బీయే, మేస్త్రీ. గానీ నాకే ఆర్డరూ రాదు. గీ పనే గావాలె."

బసవపున్నయ్యకు కోపం రాలేదు. అదే వచ్చిన చిక్కు. కోప్పడితే కాళ్లయినా పట్టుకునేవాడు. ఉన్న ఒక్క కుర్చీనీ తువ్వాలుతో తుడిచాడాయన.

"కూర్చోండి సార్. ఇన్నాళ్లూ ఒరేయ్ అన్నాను, మనసులో పెట్టుకోకండి. ఆర్డరు రాగానే పోయే మీకు పని నేర్పితే నా షాపేం గాను?"

"గా ఒరేయ్ అనే పిలువుండ్రి మేస్త్రీ. మీ కాళ్లు మొక్కుత."

"అయ్యో, మీరలా అనకూడదండీ."

టీ వచ్చింది, ఈసారి సాసరుతో. తుల్సీరాం నిలబడే తాగి, చేతులు కడుక్కుని బస్‌స్టాండుకు నడిచాడు. కొత్తగూడెం బోర్డు తనే చదువుకుని బస్సెక్కాడు.

షాపులో చెక్క అచ్చు మీద అతను సగం చుట్టిన కాయిల్ అలాగే ఉంది, ఇంకా తెంపని రాగితీగతో.