కలపకూడని పాకం

నేను ఒక గాజు తొట్టిని. విజయనగరంలో అద్దాలు కోసే దుకాణంలో ఐదు గాజు ముక్కలు అతికించి నన్ను నిలబెట్టారు. మొదట ఒక పళ్ల డాక్టరు వరండాలో ఎర్రచేపలను మోశాను. చేపలు చచ్చాక ఆయన నన్ను కళింగపట్నం వైపు ఒక సముద్రపుటొడ్డు బడికి దానమిచ్చి ఫొటో దిగాడు. ఇంట్లో అడ్డమైన వస్తువు బడికి పోతే దానమవుతుంది. మనుషుల తీరే అంత.

నేను వెళ్లేసరికి అక్కడి ప్రయోగశాలకు గండం వచ్చి ఉంది. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలకు ఆ గది కావాలన్నారు హెడ్మాస్టరు నరసింగరావు గారు.

"ప్రయోగాలెందుకమ్మా? పుస్తకంలో ఉన్నవే కదా, రాయించీండి."

సైన్సు చెప్పే మణెమ్మ టీచరు పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. "సూర్యుడు పైకి రాకముందే మనకు కనబడతాడని రాయించాను సార్. ఒక్క పిల్లా నమ్మలేదు. రేపు మీ ఎదుటే చూపిస్తాను. చూపించలేకపోతే గది మీదే."

నేల దగ్గర గాలి చిక్కన, పైకి పోయేకొద్దీ పలచన. అందుకే వెలుగు కిందికి వంగుతుంది. ఆ గాలిని ఆమె నాలోనే తయారుచేసింది. నా మధ్యలో సముద్రపు అంచుగా పలకముక్క నిలబెట్టి, అడుగున పంచదార పాకం, దానిమీద మెల్లగా నీళ్లు పోసింది. పలక అంచుకు దిగువగా, ఇవతల సూర్యుడిగా లేజరు లైటు, అవతల మనిషిగా సుద్దముక్క.

తెల్లారి అందరూ చూస్తుండగా లైటు వేసింది. వెలుగు పలక మీదుగా తిన్నగా పోయి, సుద్దముక్క నెత్తిమీంచి గోడకు తగిలింది. నాకు తల తీసేసినట్టయింది.

వంటమనిషి సింహాద్రమ్మ సంబరంగా ముందుకొచ్చింది. "పాకమంతా అడుక్కి దిగిపోనాదమ్మా. పిల్లలు తాగాల గదా అని నానే కలిపీసినాను!"

హెడ్మాస్టరు నవ్వారు. మణెమ్మ నవ్వలేదు, తిట్టనూ లేదు. "పైనా కిందా ఒకే చిక్కన అయిపోయింది, ఇక వెలుగు వంగదు. ఇంకొక్క రోజు ఇవ్వండి సార్" అంది. సింహాద్రమ్మ పొయ్యి వెలిగించి తనే మళ్లీ పాకం పట్టింది. ఆ పొద్దంతా చీపురు పట్టుకుని పక్కనే కూర్చుని, నామీద ఈగను వాలనివ్వలేదు. హెడ్మాస్టరు తొంగిచూడబోతే, "దూరం దూరం బాబూ, కదిపీగలరు!" అని కసిరింది.

మర్నాడు వెలుగు పలకమీదుగా లేచి, నాలోనే విల్లులా వంగి, సుద్దముక్క నడుముకు తగిలింది. పిల్లలు గోలపెట్టారు. నాకు ప్రాణం లేచివచ్చింది.

"అయితే పొద్దు పొడిసీనాది లెగే అని మాయమ్మ రోజూ తన్ని లేపినప్పుడు, అది ఇంకా పొడవనేదన్నమాట!" అని సింహాద్రమ్మ నోరు తెరిచింది.

హెడ్మాస్టరు వంగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. బయట బియ్యం లారీ ఆగింది. బస్తా భుజాన వేసుకుని కూలీ గుమ్మంలోకి వచ్చాడు.

"ఎక్కడ దించమంటారు సార్?"

ఆయన మణెమ్మ వైపు చూడలేదు. "నా గదిలో దించు" అన్నారు.