తొషియా తలుపు ముందు పళ్లెం

పుంటికూర ఆకులు తుంచుతూనే రోజారాణి ఒక చెవి హాల్లోకి పడేసింది. మళ్లీ వాడి ముచ్చటే! వాడేమన్నా నిజం మనిషా అంటే అదీ కాదు. ఇంటర్ చదివే కూతురు ఇషిత తెచ్చుకున్న జపాన్ బొమ్మల కథలో హీరో, తొషియా. లెక్కల్లో మహా మేధావి. నగరం నీళ్ల పైపులన్నీ కంప్యూటర్‌తో గుప్పిట్లో పెట్టుకుని మొదట దుర్మార్గుల ఇళ్లకు నీళ్లు ఆపేస్తాడు. తర్వాత తనకు నచ్చని బస్తీలకు, ఆఖరికి ప్రాణస్నేహితుడి ఇంటికి.

"అయినా వాణ్ని తప్పు పట్టొద్దు బిడ్డా," అంటున్నాడు భర్త వీరేందర్. "గంత తెలివున్నోనికి జరంత స్వార్థం ఉండాలె. లేకుంటే పనిగాదు."

రోజారాణికి ఒళ్లు మండిపోయింది. తూంకుంటలో ప్లాట్లు అమ్మే ఈ మనిషి, ఊరిని ఎండగట్టిన కాగితం బొమ్మను ఎంత ముద్దుగా వెనకేసుకొస్తున్నాడు! నిన్న ఆమె అడిగిందేమిటి? శామీర్‌పేట దగ్గర మందుల కంపెనీ ల్యాబులో ఏళ్ల తరబడి పని చేస్తోంది. సూపర్‌వైజర్ పోస్టుకు వచ్చే ఆదివారం మేడ్చల్‌లో పరీక్ష, వెళ్లి రాసొస్తానంది. ఆ రోజే ఆడబిడ్డ అశ్రితను పుట్టింటికి పిలిచి, కొంగులో పసుపు కలిపిన ఒడిబియ్యం పోయాలి. "వచ్చే ఏడు రాస్తే ఏం మునుగుతది? నీకు మస్తు స్వార్థం పెరిగింది," అన్నాడు. అత్త దుర్గాబాయి, "వదినె లేకుంట ఒడిబియ్యం ఎట్ల పోస్తరు? ఇంతమందికి ఎవరు వండుతరు?" అని మొహం తిప్పుకుంది.

ఆ తొషియా మీద అసూయే, దాచుకునేదేముంది! సవతి మీద కూడా ఇంత కుళ్లు పుట్టదేమో.

మధ్యాహ్నం ఇల్లు ఖాళీ అయ్యాక ఆ పుస్తకం అందుకుంది. అన్ని పుస్తకాల్లాగే ఎడమ నుంచి తెరిచింది. ఎండిపోయిన నగరంలో తొషియా ఒక్కడే నిలబడి ఉన్నాడు, కళ్లలో జాలన్నదే లేదు. పేజీలు తిప్పేకొద్దీ వాడు చిన్నవాడవుతున్నాడు, మెత్తబడుతున్నాడు. చివరి పేజీలో తలుపు మూసుకుని లెక్కలు చేసుకునే పిల్లాడు. బయట గుమ్మం దగ్గర అన్నం పళ్లెం పెడుతున్న రెండు చేతులు.

ఇషిత వచ్చి పకపకా నవ్వింది. "అయ్యో అమ్మా, ఉల్టా చదివినవ్! కుడి దిక్కు నుంచి చదవాలె. ముందుగాల మంచోడే, ఎనక చెడిపోతడు."

"గీ పళ్లెం పెట్టేటామె ఎవరు? మొహమే గీయలే."

ఇషిత వంగి చూసింది. "వాళ్లమ్మేమో. నేను సూడనే లేదు."

రోజారాణి ఆ బొమ్మ మీద వేలు పెట్టి ఉంచింది. తను కుళ్లుకున్నది వాడి తెలివికి కాదు. లెక్కలు తనకూ వచ్చు. మూసిన ఆ తలుపును చూసి, తట్టకుండా అన్నం పెట్టి వెళ్లిన ఆ చేతులను చూసి ఆమె కడుపు మండింది.

ఆదివారం తెల్లవారకముందే పడకగది తలుపు గడియ వేసి చదువుకు కూర్చుంది. "చాయ్ ఏది?" అని వీరేందర్ తట్టాడు. అత్త తట్టింది. ఆమె లేవలేదు. స్నానం చేసి, చీర కట్టుకుని తలుపు తీసేసరికి గుమ్మం ముందు పళ్లెం, అందులో అడుగంటిన ఉప్మా. హాల్లో ఇషిత తలెత్తకుండా పుస్తకం చదువుతోంది. రోజారాణి నిలబడే మొత్తం తినేసింది.

"ఏంది, ఎటు పోతున్నవ్?" అన్నాడు వీరేందర్.

"పరీక్షకు. వంటకు మనుషులను పిలుసుకోండ్రి. ఒడిబియ్యం నేనొచ్చినంక పోస్త. అశ్రితకు చెప్పిన, సరే వదినా అన్నది."

"గింత స్వార్థమా!" దుర్గాబాయి బుగ్గలు నొక్కుకుంది.

రోజారాణి చెప్పులు వేసుకుంది.

"జరంతనే అత్తమ్మా. లేకుంటే పనిగాదట. మీ కొడుకే చెప్పిండు."