ఊరి వాటా

"కాలరు దగ్గర గట్టిగా రుద్దు. రేపు పైనుంచి అధికారి వస్తున్నాడు," అన్నాడు మా ఆయన, స్నానాలగది గుమ్మంలో నిలబడి. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన బట్టలు నేనే ఉతుకుతున్నాను. మిషన్ ఉంది గానీ, అందులో వేస్తే తెల్లదనం పోతుందట. నా వేళ్ళ తోలు పోతే పరవాలేదు. కాలరు అయ్యాక ప్యాంటు అంచుల మీదికి బ్రష్ తీసుకెళ్ళాను. మునిసిపల్ ఇంజనీరు ప్యాంటు, ఎప్పటిలాగే అక్కడ రుద్దడానికి ఏమీ లేదు.

వరదలో మునిగిన బడికి నేను హెడ్మిస్ట్రెస్‌ని. దాన్ని మళ్ళీ కట్టడానికి ప్రభుత్వం నిధి ఇస్తుంది, కానీ మొత్తం ఇవ్వదు. మూడు వంతులు వాళ్ళవి, నాలుగో వంతు ఊరిది. ఊరి ఖజానా వరదకు ముందే ఖాళీ. అయితే ఒక వెసులుబాటు ఉంది. వరద తర్వాత ఊరివాళ్ళు కూలి అడక్కుండా చేసిన పనికి లెక్క కట్టి, దాన్ని ఊరి వాటాలో జమ చేసుకోవచ్చు. చేసిందెవరో మాత్రం రుజువు చూపాలి. ఆ సంగతి తెలిసిన రోజు స్టాఫ్ రూములో ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. మనం ఊరికే చేసే చాకిరీకి ఒక విలువ ఉందని ఎవరైనా ఒప్పుకోవడం నా జన్మలో అదే మొదలు.

ఆ బురద ఎత్తింది మేమే. మా టీచర్లు, ఎదురింటి కుట్టుమిషన్ వదిన, ఆసుపత్రి నర్సు, పిల్లల తల్లులు. మోకాలి లోతు బురద, దానిలో కుళ్ళిన పుస్తకాలు. తలుపులు ఉబ్బి బిగుసుకుపోతే, కిటికీ ఊచలు పీకి, బేసిన్లు చేతులు మార్చుకుంటూ బయటికి పంపాం. ఇంటికొస్తే మా అత్తగారు, "బురద కడగడం కూడా ఒక గొప్పేనా, రోజూ చేసేదేగా," అనేది. మా ఆయన నా చేతుల పుండ్లు చూసి, "ఆ చేతులతోనా వడ్డిస్తావు?" అన్నాడు. గరిటె రెండో చేతిలోకి మార్చుకుని వడ్డించాను.

ఇప్పుడు ఆ పనంతా ఆయన తిరిగే పెద్దమనుషుల క్లబ్బు చేసిందని దరఖాస్తులో రాశారట. బడి గోడ మీద క్లబ్బు పేరుతో శిలాఫలకం, వచ్చే ఏడు ఆయనకి అధ్యక్ష పదవి.

"అబద్ధమని తేలితే వాటా మొత్తం కొట్టేస్తారు. బడి పోతుంది," అన్నాను.

"ఎవడు చూడొచ్చాడు? మీరెలాగూ ఊరికే చేశారు. మీ పేర్లుంటే ఏం, లేకపోతే ఏం? బడి తాళాలు నీ దగ్గరే ఉండేవి కాబట్టి నిన్ను అడుగుతాడు. తలూపు, చాలు."

ఆయన తెల్ల ప్యాంటుకి ఎన్నడూ లేనంత శ్రద్ధగా గంజి పెట్టాను. మర్నాడు ఇస్త్రీ మడత కత్తిలా నిలబెట్టాను. ఆ పని చేస్తూ ఇంత ఆనందం నేనెప్పుడూ ఎరగను. తర్వాత వదినకి ఫోన్ చేసి, "అందర్నీ తీసుకుని రా," అన్నాను.

మునిసిపల్ హాల్లో అధికారి పక్కన మా ఆయన, చుట్టూ క్లబ్బు పెద్దలు. నేను లోపలికి రాగానే, "టీ సంగతి చూడు," అన్నాడు, అందరి ముందూ. చూశాను. ఒక్కొక్కరికీ అందించాను. అధికారి కప్పు కింద పెట్టి నగల షాపు పెద్దమనిషిని అడిగాడు, "తలుపులు తెరుచుకోలేదని రాశారు. మరి బురద ఎటునుంచి బయటికి పంపారు?"

ఆ పెద్దమనిషి పక్కాయన వైపు చూశాడు. పక్కాయన పైకప్పు వైపు చూశాడు.

"మా ఆవిడేనండీ హెడ్మిస్ట్రెస్. తను చెప్తుంది," అన్నాడు మా ఆయన చిరునవ్వుతో.

అధికారి నా వైపు తిరిగాడు. "వీళ్ళేనామ్మా? ఇంజనీరు గారు కూడా రోజూ బురదలో దిగారని ఉంది."

ట్రే బల్ల మీద పెట్టేశాను. "కిటికీలోంచి పంపామండీ. పంపినవాళ్ళు బయట వరండాలో ఉన్నారు, ఒక్కొక్కర్నీ పిలిచి అడగండి. బడి వాటా వాళ్ళ చేతుల్లోనే ఉంది."

మా ఆయన ముఖాన నెత్తురు చుక్క లేదు. "ఏయ్," అన్నాడు.

"ఇక ఈయన సంగతంటారా," అన్నాను, ఆ తెల్లటి మడత వైపు చూస్తూ. "ఈయన బట్టలు రోజూ నేనే ఉతుకుతానండీ. వరద తర్వాత ఇంతవరకూ ఒక్క ప్యాంటుకీ బురద అంటలేదు."